డెబ్బై నాలుగు పరిశీలన పత్రాలు

"తిరువూరు నియోజకవర్గంలో ఇకమీదట ఏ పాఠమూ ఒంటరిగా చెప్పబడదు" అని బోధనా పరిశీలన మండలి చైర్మన్ శ్రీ బాలశౌరి గారు జనవరి మొదటి సోమవారం ఉదయం పదిన్నరకు ప్రకటించారు. సమయం నాకింత కచ్చితంగా తెలియడానికి కారణముంది. ఆయన ప్రకటించేసరికి ఆ ప్రకటన తాలూకు ఫ్లెక్సీ నా మెషీన్లోంచి సగం బయటికొచ్చింది. మా ఊళ్ళో ఏ గొప్ప సంగతైనా ముందు నా షాపులో ప్రింటవుతుంది, తరవాత జరుగుతుంది. కొన్ని ప్రింటయ్యాక జరగడం మానేస్తాయి, అది వేరే విషయం.

నా పేరు చాంద్‌బాషా. బస్టాండు ఎదురు సందులో ఫ్లెక్సీ షాపు. పుట్టినరోజులు, సంతాపాలు, పార్టీ మారిన నాయకులకు స్వాగతాలు, అన్నీ ఒకే చేత్తో కొడతాను. బాలశౌరి గారంటే నాకు మొదటినుంచీ గౌరవం. ఆయనది టెంట్‌హౌస్. ఏ పార్టీ సభ పెట్టినా కుర్చీలు ఆయనవే. ఇరవయ్యేళ్ళుగా ఇన్ని పార్టీలవాళ్ళని కూర్చోబెట్టిన మనిషిని చదువుకు సంబంధించిన మండలికి చైర్మన్ చేయడం న్యాయమేనని ఊరంతా ఒప్పుకుంది. ఒప్పుకోనివాళ్ళు నిలబడే ఉన్నారు.

ఆ ఫ్లెక్సీలో మధ్యన ఆయన, పైవరసలో పెద్దలు, కింద మూలన ఒక పిల్లవాడు. పిల్లవాణ్ణి నెట్లోంచి దించాం. జుట్టు రాగిరంగు, మెడలో టై.

"సార్, మన బడి పిల్లల ఫొటో పెడదామా? మా మేనకోడలు రోజూ వాళ్ళ దగ్గరే ఉంటుంది, పంపమంటాను" అన్నాను.

"మన ఒకటో తరగతి పిల్లలు ఫొటోకి పనికిరారు చాంద్‌బాషా. అందరికీ ముందుపళ్ళు ఊడి ఉంటాయి" అన్నారాయన.

బాలశౌరి గారి పరిశీలనా శక్తితో నాకు అదే మొదటి పరిచయం.

మా మేనకోడలు నాహిద్ నా చెల్లెలు అబీదా కూతురు. చిన్నపిల్లల టీచరయ్యేందుకు రెండేళ్ళ డిప్లొమా చదువుతోంది. అది రెండో ఏడు, చివరి నెలలు. ఊరి చివర పేటలో ఉన్న ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతికి పాఠాలు చెప్పి చూపించాలి. ఆ తరగతిలో తొమ్మిదిమంది పిల్లలు. కాలేజీ పిల్లలకు పాఠం చెప్పడానికి నోరుంటే చాలు, ఆరేళ్ళవాళ్ళకు చెప్పాలంటే నోటితోపాటు రెండు చేతులు, రెండు మోకాళ్ళు, జేబునిండా రబ్బరుబ్యాండ్లు ఉండాలని నాహిద్ అంటుంది. చీపురు పుల్లలు విరిచి పదేసి కట్టలు కట్టుకుని బడికి వెళ్ళేది. మా ఇంట్లో ఆ ఏడాది చీపుర్లన్నీ బోడిగానే ఉన్నాయి.

ఫిబ్రవరి రెండో శుక్రవారం ఆ పిల్ల చివరి పాఠం. పదులూ ఒకట్లూ. నలభై అయిదు నిమిషాలు. ఆ పాఠానికి మార్కులు పడితే డిప్లొమా, డిప్లొమా వస్తే డీఎస్సీకి అప్లై చేయొచ్చు. పడకపోతే ఇంకో ఏడాది కుట్టుమిషను దగ్గర అమ్మకు సాయం. అబీదా ఆ శుక్రవారం కోసం వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుంటోంది.

ఈ ట్రైనింగులో ఒక పద్ధతుంది. ఒకరు పాఠం చెబుతుంటే తోటి విద్యార్థి ఒకరు వెనక బెంచీలో కూర్చుని పరిశీలన పత్రం నింపుతారు. గొంతు ఎలా ఉంది, నల్లబల్ల ఎలా వాడారు, పిల్లలు పలికారా లేదా, అన్నిటికీ గళ్ళుంటాయి. తరవాత కాలేజీ నుంచి వచ్చిన మాస్టారు మార్కులేస్తారు. నాహిద్ వాళ్ళ మాస్టారు వెంకటప్పయ్య గారు. మెత్తని మనిషి. ఆయన స్కూటరు హారను కూడా మెత్తగానే మోగుతుంది.

ప్రకటన ఇచ్చిన వారంలోనే బాలశౌరి గారు బడికి విచ్చేశారు. వెనక బెంచీలో ఫారం నింపుతున్న గీతాంజలి అనే అమ్మాయిని చూసి ఆశ్చర్యపోయారు.

"ఒక్కరేనా?" అన్నారు.

"ఒక్కరు చాలండి" అన్నారు వెంకటప్పయ్య గారు.

"పోలింగ్ బూతులో ఒక్క ఏజెంటుతో సరిపెడతామా మాస్టారూ? ఓట్లకే అంత జాగ్రత్త ఉంటే, భావి పౌరులకు ఎంత ఉండాలి?"

వెంకటప్పయ్య గారు స్కూటరు తాళం వెతుక్కున్నారు. ఆ సాయంత్రానికి ఎ.కొండూరు నుంచి ఆరుగురు, వినగడప నుంచి నలుగురు, నెమలి నుంచి నలుగురు, తిరువూరు నుంచి వార్డుకి ఒకరు చొప్పున పరిశీలకులు నియమితులయ్యారు. అందరూ పదవి కోసం చాన్నాళ్ళుగా ఎదురుచూస్తున్న కార్యకర్తలు. వాళ్ళమీద ప్రధాన పరిశీలకులు, ప్రధాన పరిశీలకుల మీద సమన్వయకర్తలు. ఎవరికీ ఎవరిమీదా అసంతృప్తి లేకుండా ఇంత సాఫీగా జరిగిన పదవుల పంపకం నేనెన్నడూ చూడలేదు.

మర్నాడు ఆ గదిలో పదిహేడుమంది పరిశీలకులు కూర్చున్నారు. పిల్లలు నల్లబల్ల వైపు వీపులు తిప్పి వీళ్ళనే చూస్తూ కూర్చున్నారు. నాహిద్ ఎంత పిలిచినా తిరగలేదు. వాళ్ళ తప్పేం లేదు, బొట్టు పెట్టుకున్న ఇంత పెద్ద మీసాలాయన చిన్న బెంచీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చుంటే నేనూ అటే చూసేవాణ్ణి.

బాలశౌరి గారు వెంటనే సమీక్షించారు. పిల్లల వల్ల పరిశీలనకు అంతరాయం కలుగుతోందని తేలింది.

"వీళ్ళని కాస్త వరండాలో కూర్చోబెట్టండి టీచరమ్మా" అన్నారు, హెడ్మిస్ట్రెస్ సామ్రాజ్యం గారితో.

"పిల్లల్లేకుండా పాఠం ఎవరికి చెబుతుందండీ ఆ అమ్మాయి?"

"ముందు పద్ధతి కుదరనివ్వండి. పిల్లలెక్కడికి పోతారు, ఇక్కడే ఉంటారు."

"చైర్మన్ గారూ, శ్లాబు పెచ్చులూడి పడుతోంది. మొన్న మీకు అర్జీ కూడా పెట్టాను."

"పరిశీలిస్తామన్నాను కదమ్మా."

అన్నమాట ప్రకారం మరుసటి రోజే నలుగురొచ్చి శ్లాబు కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పెచ్చులు ఎన్ని పడుతున్నాయో, ఎంతసేపటికొకటి పడుతోందో ఫారాల్లో రాసుకుని, ఒకాయన తలకు కట్టు కట్టించుకుని వెళ్ళిపోయారు. సామ్రాజ్యం గారు నావైపు చూసి "మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె" అన్నారు. నేను అప్పుడు పరిశీలకుల మెడలో వేసే కార్డులకు నీలం రంగు తాళ్ళ శాంపిల్స్ చూపిస్తున్నాను. వినపడనట్టు ఇంకో తాడు తీశాను.

చివరి పాఠం రోజు దగ్గర పడింది. విజయవాడ నుంచి రాష్ట్రస్థాయి బృందం వస్తోందని తెలిసింది. చైర్మన్ గారి మనుషులు నాకు లిస్టు ఇచ్చారు. డెబ్బై నాలుగు కార్డులు, డెబ్బై నాలుగు పరిశీలన పత్రాలు. పత్రాలమీద "బోధించినవారు: నాహిద్, రెండవ సంవత్సరం" అని నేనే అచ్చేశాను. మేనకోడలి పేరు డెబ్బై నాలుగుసార్లు వరసగా బయటికొస్తుంటే నాకు ఛాతీ ఉబ్బింది. ఒక కాపీ అబీదాకు తీసుకెళ్ళి చూపించాను కూడా.

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు నేను బడి గోడకు ఫ్లెక్సీ కట్టిస్తున్నాను. గేటు దగ్గర విశ్వతేజ అనే కార్యకర్త చేతికి పట్టీ కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని నిలబడ్డాడు. నాహిద్ చీపురుపుల్లల సంచీతో వచ్చింది.

"కార్డు మేడమ్?"

"నేను టీచర్నండి. ఇవాళ పాఠం నాదే."

విశ్వతేజ చేతిలో లిస్టు రెండుసార్లు తిరగేశాడు. "మీరు పరిశీలకులా, ప్రధాన పరిశీలకులా, సమన్వయకర్తా?"

"పాఠం చెప్పేదాన్నండి."

"ఆ కేటగిరీ లేదు మేడమ్. సాంస్కృతిక కార్యక్రమాల కిందికొస్తుందేమో. అది భోజనాల తరవాత."

"మామూ" అని నాహిద్ నావైపు చూసింది. నిచ్చెనమీద ఉన్నవాణ్ణి దిగొచ్చాను. డెబ్బై నాలుగు కార్డుల్లో ఆ పిల్లది లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. లిస్టులో లేనిది నేను వేయలేదు, అంతే. ముప్ఫై ఏళ్ళ అనుభవంలో అంత సిగ్గుపడ్డ రోజు లేదు. పెళ్ళికూతుర్ని పందిరి బయట నిలబెట్టి, బంధువులందరికీ నేనే స్వయంగా అత్తరు చల్లినట్టయింది.

"బాబూ, మా పిల్లే. నాకు తెలుసు" అన్నాను.

"అంకుల్, మీకు తెలిస్తే చాలదు. కార్డుమీద చైర్మన్ గారి సంతకం ఉండాలి. ఆయన లోపల మైకు దగ్గరున్నారు. అయ్యాక అడుగుతాను."

నాకు మాత్రం విడిగా కార్డుంది. "టెక్నికల్" అని. లోపలికి పరిగెత్తాను. గదిలో బల్లలన్నీ తీసేసి బాలశౌరి గారి కుర్చీలు వేశారు. నల్లబల్ల ముందు ఒక్క మనిషి పట్టేంత చోటు మిగిలింది. అందులో బాలశౌరి గారు నిలబడి ప్రారంభోపన్యాసం మొదలుపెట్టారు. వరసలమధ్య అడుగు పెట్టే సందు లేదు. చేతులూపాను. ఫ్లెక్సీ కట్టడం అయిపోయిందని చెబుతున్నాననుకుని ఆయన తల ఊపారు.

సరిగ్గా పదింటికి గంట కొట్టారు. డెబ్బై నాలుగు పెన్నులు ఒక్కసారి తెరుచుకున్నాయి.

"పిల్లలు దేశానికి ఏమవుతారు?" అని అడిగారు బాలశౌరి గారు.

"సంపద" అన్నారు అందరూ.

ఆయన వెనక్కి తిరిగి నల్లబల్లమీద "సంపద" అని రాసి కింద గీత గీశారు. పరిశీలకులు రాసుకున్నారు. రాష్ట్రస్థాయి బృందంలో రెహానా గారని ఒక మేడమ్ ఉన్నారు. ఆవిడ పక్కనున్న ప్రధాన పరిశీలకుణ్ణి మెల్లగా అడిగారు.

"పాఠం చెప్పే అమ్మాయి ఎవరండీ?"

"నాహిద్ అని ఫారంమీద ఉంది కదా మేడమ్."

ఆవిడ ఫారం చూశారు. బాలశౌరి గారి వైపు చూశారు. తనూ రాయడం మొదలుపెట్టారు.

నేను బయటికొచ్చేసరికి గేటు దగ్గర నాహిద్ లేదు. వరండాలోనూ కుర్చీలు పడడంతో తొమ్మిదిమంది పిల్లల్నీ వంటషెడ్డుకి తోలేశారు. షెడ్డు గేటుకి అవతల, ప్రహరీ బయట ఉంటుంది. నాహిద్ అక్కడ మోకాళ్ళమీద కూర్చుని ఉంది. వంటమనిషి శివపార్వతి ముందు గోరుచిక్కుళ్ళ బుట్ట. పుల్లల సంచీ పిల్లల మధ్య విప్పేసి ఉంది, అవి చాలక చిక్కుళ్ళు కూడా లెక్కలోకి వచ్చాయి. పది కాయలు, ఒక రబ్బరుబ్యాండు. మళ్ళీ పది, మళ్ళీ బ్యాండు.

రుచిత అనే పిల్ల మూడు కట్టలూ నాలుగు విడికాయలూ తెచ్చి ఒళ్ళో వేసింది. "ముప్ఫై నాలుగు టీచర్" అంది.

"ఎలా తెలుసు? లెక్కపెట్టావా?"

"కట్టలు లెక్కపెట్టక్కర్లేదుగా. అవి పదులేగా."

నాహిద్ ఆ పిల్ల మొహంలోకి చూస్తూ నవ్వింది. షెడ్డు స్తంభం పక్కన ఒక మెత్తని దగ్గు వినపడింది. వెంకటప్పయ్య గారు. ఆయనకూ కార్డు లేదు. మార్కులేయవలసిన మాస్టారు లిస్టులో ఉండాలన్నది కూడా ఎవరికీ తట్టలేదు. ఆయన స్కూటరు సీటుమీద కాగితం పెట్టుకుని నలభై అయిదు నిమిషాలూ రాశారు. పాఠం అయ్యాక శివపార్వతి "టీచరమ్మా, రేపు వంకాయలు. రేపు కూడా వస్తారా?" అని అడిగింది. ఆ రోజు నాకు మనసు నిండింది. ఉన్నమాట చెప్పాలి కదా.

లోపల కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది. పరిశీలన పత్రాలు కాలేజీకి పంపేముందు బైండింగ్ కోసం నా దగ్గరికే వచ్చాయి కాబట్టి చదివే భాగ్యం కలిగింది. "బోధకురాలి కంఠం గంభీరంగా ఉంది." "నల్లబల్ల వినియోగం తక్కువ, అయినా ప్రభావవంతం." "పిల్లల క్రమశిక్షణ అసాధారణం, నలభై అయిదు నిమిషాల్లో ఒక్కరి చప్పుడు కూడా వినపడలేదు." "బోధకురాలు తెల్లని ఖద్దరు ధరించడం స్ఫూర్తిదాయకం." డెబ్బై నాలుగు పత్రాల్లోనూ వందకు వంద. ఒక్క రెహానా గారు మాత్రం మార్కులిచ్చి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి, మళ్ళీ దాన్ని కొట్టేశారు.

కాలేజీకి రెండు రిపోర్టులు చేరాయి. ఒకటి డెబ్బై నాలుగు పత్రాల బైండు. రెండోది వెంకటప్పయ్య గారి ఒక్క కాగితం, వందకు ఎనభై రెండు. ఒక అభ్యర్థికి, ఒక తేదీకి, ఒకే మార్కు తీసుకుంటానని పోర్టల్ అంది. ప్రిన్సిపాల్ గారు బైండు బరువు చూసి నిర్ణయం తీసుకున్నారు. నాహిద్‌కు వంద పడ్డాయి.

అబీదా వీధంతా ఖీర్ పంచింది. నాహిద్ ముట్టుకోలేదు.

నాలుగోరోజు కాలేజీ నుంచి మెమో వచ్చింది. విశ్వతేజ గేటు రిపోర్టు రాశాడట, ప్రహరీ బయట నాహిద్ కార్డు లేకుండా పిల్లలకు పాఠం చెబుతోందని. "తాము శుక్రవారం పది గంటల నుంచి పదీ నలభై అయిదు వరకు తరగతి గదిలో అద్భుతంగా బోధించుచు, అదే సమయమున వంటషెడ్డునందు అనుమతి లేకుండా బోధించినట్లు తెలియవచ్చినది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వని యెడల డిప్లొమా నిలుపుదల చేయబడును." సంజాయిషీ ఎలా ఉండాలో కూడా కాలేజీవాళ్ళే దయతలచి రాసి పంపారు. నాహిద్ సంతకం చేయడమే తరువాయి. "సదరు రోజున నేను వంటషెడ్డులో ఏ పిల్లకూ ఏమీ నేర్పలేదని, ఇకమీదట అనుమతి లేకుండా నేర్పబోనని హామీ ఇస్తున్నాను."

నా షాపులో బల్లమీద ఆ కాగితం పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం.

"చెప్పలేదని రాస్తే, చెప్పినది పోతుంది కదా మామూ" అంది నాహిద్.

"చెప్పానని రాస్తే, చెప్పనిదానికి వచ్చిన మార్కులు పోతాయమ్మా" అన్నాను.

"భాయ్, నువ్వు లెక్కలు చెప్పకు" అంది అబీదా. "సంతకం పెట్టవే. ఒక్క సంతకం. నా కళ్ళు మసకబారిపోతున్నాయి సూదిలో దారం ఎక్కించలేక. పెట్టు."

నాహిద్ వెంకటప్పయ్య గారికి ఫోన్ చేసింది. "నా ఒక్కడి కాగితం డెబ్బై నాలుగు కాగితాల ముందు నిలవదమ్మా. కానీ నేను చూశాను. అది గుర్తుపెట్టుకో" అన్నారాయన. ఫోన్ పెట్టేశాక నాహిద్ సంతకం పెట్టింది. పెన్ను గట్టిగా నొక్కడంతో కాగితం చిరిగింది. ఇంకోటి ప్రింట్ తీసిచ్చాను. నా చేతులతో నేనే తీసిచ్చాను.

మార్చిలో సన్మానసభ. కళ్యాణమండపం నిండా బాలశౌరి గారి కుర్చీలు, కుర్చీల నిండా పరిశీలకులు. రాష్ట్రంలోనే అత్యధిక పరిశీలకుల సమక్షంలో బోధించిన తొలి మహిళగా నాహిద్‌కి శాలువా కప్పారు, డిప్లొమా చేతికిచ్చారు. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ముందువరసలో అబీదా కొత్త చీర కట్టుకుని కూర్చుంది.

నాహిద్ మైకు దగ్గరికెళ్ళింది.

"ఆ రోజు గదిలో నేను లేనండి" అంది. "నన్ను గేటు దగ్గరే ఆపేశారు. పిల్లలు కూడా లోపల లేరు. వాళ్ళకి నేను వంటషెడ్డులో చెప్పాను. చెప్పలేదని సంతకం పెట్టాను, అది అబద్ధం. ఈ వంద మార్కులు నావి కావండి. నావి ఎనభై రెండు."

అబీదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయింది, రెండేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరైందనుకున్నాను.

బాలశౌరి గారు లేచారు. కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. మైకు అందుకున్నారు.

"విన్నారు కదా" అన్నారు. "టీచరు లేదు. పిల్లలు లేరు. అయినా నూటికి నూరు. ఇదీ మన మండలి సత్తా. ఏ దేశంలోనైనా ఉందా ఇది?"

డెబ్బై నాలుగుమందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా ఆయన తల వంచుకుని నిలబడ్డారు. తరవాత ఆయన మొహంలో బాధ కనిపించింది.

"కానీ అమ్మా నాహిద్, నువ్వన్న ఒక్క మాట నా గుండెలో గుచ్చుకుంది. వంటషెడ్డులో నిజంగా పాఠం చెప్పానన్నావు. దాన్ని మావాళ్ళు ఒక్కరు కూడా చూడలేదా? తప్పమ్మా. మాదే తప్పు. సభాముఖంగా క్షమాపణ కోరుతున్నాను."

నాహిద్ డిప్లొమా పట్టుకుని స్టేజీ దిగొచ్చింది. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు, తీసుకోవాలని ఎవరికీ తోచలేదు.

మర్నాడు తొమ్మిదింటికి నేను ఫ్లెక్సీ విప్పించడానికి బడికి వెళ్ళాను. డీఎస్సీ పడేదాకా ఊరికే కూర్చోలేనని నాహిద్ పిల్లల దగ్గరికి వచ్చేసింది. వంటషెడ్డులో బుట్టెడు వంకాయల చుట్టూ తొమ్మిదిమందీ కూర్చుని ఉన్నారు. రుచిత వంకాయలు పదేసి కుప్పలు పెడుతోంది. షెడ్డు ఆ మూలన విశ్వతేజ, మరో ముగ్గురు టేపు పట్టుకుని ఉన్నారు. ఒకడు పొడవు కొలిచి కేకేస్తున్నాడు, ఒకడు వెడల్పు కొలుస్తున్నాడు.

"పొయ్యి తీసేస్తే ఇంకో రెండు వరసలు పడతాయి" అన్నాడు విశ్వతేజ, శివపార్వతిని కాస్త పక్కకు జరగమంటూ.